బోదెలేరు కవియు, నాతని తల్లి పునర్వివాహమును

ఫ్రెంచికవి షార్లు బోదెలేరు 1821 సంవత్సరము ఏప్రిలు 9వ తేదీని పారిసునగరమున జన్మించెను. అప్పటికి తండ్రికి అరువదియొకటి. తల్లి కారొలీనుకు ఇరువదియేడు. చిత్రలేఖనమందు ప్రీతిగల యా వృద్ధుడు 1827 ఫిబ్రవరిలో కాలధర్మము నొందెను. పిమ్మట కొంతకాలము తల్లి సర్వవిధముల తనకే చెందియుండెననియు, అవియే తన మంచిదినములనియు కవి నలువదవయేట ఆమెకు జాబు వ్రాసినాడు.

ఆ దినము లెన్నియో కావు. 1828 నవంబరు 8వ తేదీని ఆమె ఓపిక్ అను సైనికోద్యోగిని వివాహమాడెను. విధవ పదినెలలు వేచియుండిన చాలునని అప్పటి యాదేశపు శాసనము. ఆమె దాదాపు ఇరువదియొక్క నెలలు వేచినది. బాల్యముననే తల్లిదండ్రులను గోల్పోయి పరులయింట పెరిగిన స్త్రీ మరల నొక యాశ్రయమును గోరుట తప్పని మేమనజాలము. కాని యేడేండ్ల బాలుని శోకమునకు శాసనము గడువు నేర్పరుపజాలదు గదా! వితంతువివాహములు జరిపించునపుడు వధువు సమ్మతిని, పురోహితుని, బంధువుల రాకను విచారింతుము. ఆమె బిడ్డ యానాడు ఎవరి ప్రక్కన కూర్చుండెనని మేమును విచారించినవారము కాము.

మొదట బాలుడు మారుతండ్రితో సఖ్యముగనే యుండెను. వైరము యౌవనమున ముదిరినది. 1839లో పాఠశాలనుండి బహిష్కృతుడయ్యెను. 1841లో నతనిని కలకత్తాకుబోవు నోడ యెక్కించిరి. అతడు నడుమనే మరలివచ్చెను. పిత్రార్జితము సుమారు లక్ష ఫ్రాంకులు చేతికి రాగా, రెండేండ్లలో సగమువరకు వ్యయపరచెను. 1844లో న్యాయస్థానము ఆస్తికి సంరక్షకుని నియమించెను. ఆస్తిని గాపాడుటకు అది యుక్తమైన యుత్తరువే. అయినను తండ్రివలన మిగిలినదియు పరాధీనమయ్యెనను బాధ యతనిని మరణపర్యంతము విడువలేదు. 1848 విప్లవమున తుపాకి చేబూని, జనరలు ఓపిక్‌ను కాల్చుడని కేకలు వేసెనని చెప్పుదురు.

1857 ఏప్రిలులో ఓపిక్ మరణించెను. రెండుమాసములకు బోదెలేరు ప్రసిద్ధకావ్యము వెలువడి, న్యాయస్థానమున మూడువందల ఫ్రాంకుల జుల్మానా తెచ్చినది. తల్లియు కుమారుడును క్రమముగ దగ్గరైరి. 1866లో పక్షవాతముచే నతని వాక్కు పడిపోగా, డెబ్బదిరెండేండ్ల యామెయే వచ్చి కనిపెట్టుకొనియుండెను. 1867 ఆగస్టు 31వ తేదీని ఆమె చేతులలోనే ప్రాణము విడిచెను.

మోంపార్నాస్ శ్మశానవాటికలో నతనిని ఓపిక్ సమాధియందే యుంచిరి. శిలపై జనరలు బిరుదులు విస్తారముగ నున్నవి. కవి పేరునకు దిగువ నతడు ఆయన మారుకుమారుడని యున్నది. 1871లో తల్లియు నచటికే చేరినది.