ఎడ్వర్డ్ లూకాస్

ఎడ్వర్డ్ లూకాస్ (ఏప్రిల్ 4, 1842 - అక్టోబరు 3, 1891) ఫ్రాన్సు దేశమునకు చెందిన ప్రసిద్ధ గణిత శాస్త్రవేత్త. ఫ్రెంచి ఉచ్చారణలో ఈయన పేరు ఎడువార్ లూకా. 39 అంకెలు గల 2¹²⁷-1 అను సంఖ్య ప్రధాన సంఖ్య అని 1876లో నిరూపించాడు. ఆ సంఖ్య ఇది:

170141183460469231731687303715884105727

== జీవిత విశేషాలు ==

లూకాస్ అమియన్స్ పట్టణంలో జన్మించాడు. పారిస్ లోని ఎకోల్ నార్మాల్ సుపీరియర్ లో చదివి, పారిస్ వేధశాలలో లెవెరియర్ వద్ద పనిచేశాడు. 1870-71 నాటి ఫ్రాన్సు-ప్రష్యా యుద్ధంలో ఫిరంగిదళ అధికారిగా పాల్గొన్నాడు. అనంతరం పారిస్ లోని సెయింట్ లూయీ, షార్లమేన్ విద్యాలయాలలో గణితం బోధించాడు.

== 2¹²⁷-1 ==

257 వరకు గల ఘాతాలలో ఏవి ప్రధాన సంఖ్యలను ఇస్తాయో తెలుపుతూ మెర్సెన్ 1644లో ఒక జాబితా ప్రకటించాడు. అందులో 67, 127 రెండూ ఉన్నాయి. కాని నిరూపణ లేదు. ఇంత పెద్ద సంఖ్యను చిన్న సంఖ్యలతో ఒక్కొక్కటిగా భాగించి చూడడం మానవ సాధ్యం కాదు. లూకాస్ భాగహారాలతో పనిలేని పరీక్షను కనుగొన్నాడు.

ఘాతాన్ని 4 చేత భాగించగా 3 మిగిలే సందర్భంలో ఆ పరీక్ష ఇలా ఉంటుంది. 3తో ప్రారంభించి, ప్రతి పదాన్ని వర్గం చేసి 2 తీసివేయాలి. ఫలితాన్ని పరీక్షించవలసిన సంఖ్యతో భాగించి శేషాన్ని మాత్రమే ఉంచుకోవాలి. ఘాతం కంటే ఒకటి తక్కువైన స్థానంలో సున్న వస్తే అది ప్రధాన సంఖ్య. ఉదాహరణకు 2⁷-1, అనగా 127కు వరుసగా 3, 7, 47, 48, 16, 0 వస్తాయి. ఆరవ పదం సున్న కనుక 127 ప్రధాన సంఖ్య. 2¹²⁷-1కు 126వ పదం వరకు లెక్కించాలి.

1951 వరకు, అనగా 75 సంవత్సరాల పాటు, తెలిసిన ప్రధాన సంఖ్యలలో ఇదే పెద్దది. యంత్ర సహాయం లేకుండా చేతి లెక్కలతో కనుగొన్నవాటిలో నేటికీ ఇదే పెద్దది.

అదే 1876లో 2⁶⁷-1 ప్రధాన సంఖ్య కాదని కూడా లూకాస్ తేల్చాడు. దీనితో మెర్సెన్ జాబితాలో తప్పు బయటపడింది. అయితే ఈ పరీక్ష కారణాంకాలను చూపదు. అవి 193707721, 761838257287 అని 1903లో అమెరికా గణితవేత్త ఫ్రాంక్ నెల్సన్ కోల్ చూపాడు.

== ఇతర కృషి ==

2, 1, 3, 4, 7, 11 అని సాగే శ్రేణికి లూకాస్ సంఖ్యలు అని పేరు. 1883లో ఈయన హనోయ్ గోపురం అనే ఆటను విడుదల చేశాడు. దీనికి జోడించిన కల్పిత గాథ కాశీలోని ఒక ఆలయంలో జరుగుతుంది. అందులోని 64 బంగారు పళ్ళేలను మార్చడానికి 2⁶⁴-1, అనగా 18446744073709551615 కదలికలు అవసరం. క్షణానికొకటి చొప్పున మార్చినా 58 వేల కోట్ల సంవత్సరాలకు పైగా పడుతుంది.

== మరణము ==

1891లో ఒక విజ్ఞాన సభ విందులో పింగాణీ పళ్ళెం జారిపడి పగిలి, ఒక ముక్క లూకాస్ చెంపకు గ్రుచ్చుకొన్నది. ఆ గాయం విషమించి, కొద్దిరోజులకే 49వ ఏట మరణించాడు. సంఖ్యా సిద్ధాంతంపై ఈయన గ్రంథం మొదటి సంపుటం అదే సంవత్సరం వెలువడింది.

ఈయన పరీక్షను 1930లో డెరిక్ హెన్రీ లెహ్మర్ సరళీకరించాడు. 2024లో కనుగొన్న, 4,10,24,320 అంకెలు గల 2¹³⁶²⁷⁹⁸⁴¹-1ను ధ్రువీకరించినది ఈ లూకాస్-లెహ్మర్ పరీక్షయే.