సైమన్ హల్లిహెన్: దవడను సరిచేసిన వైద్యుడు

దంతవైద్యం చదివినవారికి సైమన్ హల్లిహెన్ పేరు బాగా తెలుసు. బేరిగై, హొసూరు వైపు మన తెలుగు బడుల్లో ఆ పేరు వినబడదు. దవడ ఆపరేషన్ అందం కోసమేనని కొందరు తల్లిదండ్రులు అనడం మేము వింటుంటాం. అందుకే ఆయన గురించి చెప్పాలనిపించింది.

ఆయన 1810లో అమెరికాలోని పెన్సిల్వేనియాలో పుట్టాడు. చిన్నతనంలో సున్నపు బట్టీలో పడి పాదాలు కాలాయి. కాలిన గాయం ఎంత బాధపెడుతుందో ఆయనకు అప్పుడే తెలిసింది. పెద్దయ్యాక వీలింగ్ అనే ఊళ్లో స్థిరపడి పళ్లకూ నోటికీ వైద్యం చేశాడు. గ్రహణం మొర్రికి కూడా ఆపరేషన్లు చేసేవాడు.

ఆయన దగ్గరికి 20 ఏళ్ల యువతి వచ్చింది. అయిదేళ్ల వయసులో ఆమె మెడ, ఛాతీ కాలాయి. గాయం మానింది గాని మచ్చ బిగుసుకుపోయి తలను కిందికి లాగింది. పెరిగే వయసు కదా, కింది దవడ కూడా ఆ లాగుడుకు ముందుకు సాగింది. నోరు మూతపడదు, చొంగ ఆగదు. పదిహేనేళ్లు అలాగే గడిచాయి. పై పళ్లూ కింది పళ్లూ కలవకపోతే ముద్ద ఎలా నలుగుతుంది?

హల్లిహెన్ దవడకు రెండు వైపులా ఎముకలో వి ఆకారపు ముక్కలు కోసి తీసి, ముందు భాగాన్ని వెనక్కి జరిపాడు. అది కదలకుండా వెండి పలక అమర్చాడు. అంతటితో ఆగితే మచ్చ మళ్లీ లాగేది. కనుక మరోసారి మచ్చను విడదీసి భుజం మీది చర్మంతో కప్పాడు. మూడోసారి పెదవిని సరిచేశాడు. ఆ వివరాలు 1849లో ప్రచురించాడు. దవడను సరిచేసిన తొలి ఆపరేషన్‌గా వైద్యులు దీన్నే చెబుతారు. 1857లో, 46 ఏళ్లకే ఆయన కన్నుమూశాడు.

ఇప్పుడు వెండి పలక బదులు సన్నని టైటానియం పలకలు, స్క్రూలు వాడుతున్నారు. అయినా నమలడం మర్నాడే రాదు. మొదటి కొన్ని వారాలు అంబలి, జావ, మెత్తగా పిసికిన అన్నమే. కొరికే బలం ఆపరేషన్‌కు ముందున్న దానికంటే తగ్గుతుంది. తిరిగి రావడానికి నెలలు పడుతుంది, ఏడాది దాటాక కూడా మెరుగుపడుతుంది. డాక్టరు చెప్పిన నోటి వ్యాయామాలు మానకూడదు.

సాధారణంగా దవడ ఎదుగుదల ఆగాకే ఈ ఆపరేషన్ చేస్తారు. అంటే చాలామందికి అది ప్లస్ టూ రోజుల్లోనో, ఆ తర్వాతో వస్తుంది. అలాంటి విద్యార్థి బడికి అంబలి సీసా తెచ్చుకుంటే తరగతి మధ్యలో తాగనివ్వమని తోటి ఉపాధ్యాయులను కోరుతున్నాం.