పశువ్యాధులతో పోరాడిన రాబర్ట్ కాక్

వేలూరు దగ్గరి పొయ్‌గైలో ప్రతి మంగళవారం పశువుల సంత జరుగుతుంది. ఎద్దును కొనే రైతు దాని పళ్ళు చూస్తాడు, సుడులు చూస్తాడు, నడిపించి చూస్తాడు. మన తాతల కాలంలో మరొకటి కూడా చూసేవారు. కంట నీరు కారుతున్నదా, నోటిలో పుండ్లున్నాయా అని పరీక్షించేవారు. అవి ముసర వ్యాధి గుర్తులు. తమిళంలో దానిని వెక్కై అంటారు. శాస్త్రజ్ఞులు పెట్టిన పేరు రిండర్‌పెస్ట్. ఒక్క పశువుకు సోకితే చాలు, కొద్దిరోజులలో ఊరి కొట్టాలన్నీ ఖాళీ అయ్యేవి. ఆ మహమ్మారితో తలపడినవారిలో రాబర్ట్ కాక్ ఒకడు.

కాక్ 1843 డిసెంబరు 11న జర్మనీలోని క్లౌస్తాల్ అనే గనుల ఊరిలో జన్మించాడు. గోటింగెన్ విశ్వవిద్యాలయంలో వైద్యం చదివాడు. తరువాత వోల్‌స్టీన్ అనే చిన్న పట్టణంలో ప్రభుత్వ వైద్యుడయ్యాడు. అక్కడ గొర్రెలు, పశువులు దొమ్మరోగంతో చనిపోతుండేవి. పగలు రోగులను చూస్తూ, తీరిక దొరికినప్పుడల్లా కాక్ సూక్ష్మదర్శిని ముందు కూర్చునేవాడు. ఆ రోగానికి కారణమైన క్రిమి ఎలా పెరుగుతుందో, గట్టి విత్తువంటి రూపం ధరించి నేలలో ఏళ్ళ తరబడి ఎలా దాగి ఉంటుందో 1876లో నిరూపించాడు. ఒక ప్రత్యేకమైన క్రిమి వలన ఒక ప్రత్యేకమైన రోగం కలుగుతుందని లోకానికి స్పష్టమయింది.

1882 మార్చి 24న క్షయ క్రిమిని కనుగొన్నట్లు కాక్ ప్రకటించాడు. 1884లో కలకత్తాలో కలరా క్రిమిని గుర్తించాడు. ఆయన కీర్తి దేశదేశాల వ్యాపించింది. కాని 1890లో ఆయన క్షయకు మందని చెప్పిన ట్యూబర్‌క్యులిన్ రోగాన్ని నయం చేయలేకపోయింది. ఎందరో రోగులు నిరాశ చెందారు. ఆ అపజయం ఆయనను బాధించినా, పరిశోధన మాత్రం మానలేదు.

అదే కాలంలో ఆఫ్రికాలో ఘోరవిపత్తు సంభవించింది. 1880ల చివర ముసర వ్యాధి ఆ ఖండపు తూర్పుతీరంలో అడుగుపెట్టింది. మన దేశం నుండి ఓడలలో వెళ్ళిన పశువులతోనే అది అక్కడికి చేరిందని పలువురు చరిత్రకారుల అభిప్రాయం. 1896 నాటికి అది జాంబెజీ నదిని దాటి దక్షిణానికి పాకింది. అనేక ప్రాంతాలలో పశువులలో పదింట ఎనిమిది, తొమ్మిది చచ్చిపోయాయి. పాలు లేవు, దుక్కికి ఎద్దులు లేవు. ఇథియోపియాలో భయంకరమైన కరవు వచ్చింది. అడవిలోని కూడూ, ఈలాండ్, విల్డబీస్ట్ వంటి జింకజాతులు, అడవిదున్నలు కూడా గుంపులు గుంపులుగా నశించాయి.

1896 డిసెంబరులో కాక్ దక్షిణాఫ్రికాకు చేరి, కింబర్లీ పట్టణంలో పరిశోధన ప్రారంభించాడు. రోగంతో చనిపోయిన పశువు పిత్తరసాన్ని ఆరోగ్యంగా ఉన్న పశువుకు సూదిద్వారా ఎక్కిస్తే, దానికి రోగనిరోధకశక్తి వస్తుందని కొన్ని వారాలలోనే తెలుసుకొన్నాడు. ఈ పద్ధతి లక్షలాది పశువులకు వాడారు. అయితే ఇందులో లోపాలున్నాయి. కొన్ని పశువులకు సూది వలననే రోగం సోకేది. రోగకారకమైన వైరస్ ఆనాటి సూక్ష్మదర్శినికి అందనంత చిన్నది కావడంతో ఆయనకు అది కనిపించలేదు. 1897లో కాక్ ప్లేగు పరిశోధనకై బొంబాయి వచ్చి, హిమాలయాలలోని ముక్తేశ్వర్ పశువ్యాధి పరిశోధనాలయాన్ని కూడా సందర్శించాడు. 1905లో ఆయనకు నోబెల్ బహుమతి లభించింది.

తరువాత కాక్ తూర్పు ఆఫ్రికాలో నిద్రరోగాన్ని పరిశీలించాడు. ఆ జాతి రోగాలను ట్సెట్సీ అనే ఈగ వ్యాపింపజేస్తుంది. పశువులకు వచ్చే నగానా రోగపు క్రిములు అడవి జంతువుల రక్తంలో కూడా ఉంటాయి. కాబట్టి ఈగలున్న చోట అడవి జంతువులను చంపివేయాలని కాక్ సూచించాడు. ఎందరో దానిని వ్యతిరేకించారు. అయినా తరువాతి కాలంలో ఆఫ్రికాలో కొన్నిచోట్ల వేలాది జంతువులను వేటాడి చంపారు.

కాక్ 1910 మే 27న మరణించాడు. ముసర వ్యాధి విషయంలో కాలం మరొక పాఠం నేర్పింది. ముక్తేశ్వర్‌లో ఎడ్వర్డ్స్, కెన్యాలో ప్లోరైట్ మెరుగైన టీకాలు తయారుచేశారు. సెరెంగెటీ మైదానాల చుట్టూ ఉన్న పశువులకు టీకాలు వేశారు. విల్డబీస్ట్‌లకు ఒక్క టీకా కూడా వేయలేదు. అయినా 1960ల ఆరంభంలో రెండున్నర లక్షలున్న ఆ జంతువులు 1970ల చివరికి పదమూడు లక్షలయ్యాయి. ఆ వ్యాధికి నిలయం అడవి కాదు, పశువుల మందే అని తేలింది. కొట్టాన్ని కాపాడితే అడవి కూడా బతికింది.

మన దేశంలో ముసర వ్యాధి చివరిసారిగా 1995లో తమిళనాడులోనే కనిపించింది. వేలూరు పక్కనున్న రాణిపేటలోని పశుటీకాల సంస్థ కూడా దానిపై పోరాటంలో పాలుపంచుకొన్నది. 2011లో ప్రపంచమంతా ఆ వ్యాధి నుండి విముక్తి పొందినట్లు ప్రకటించారు. మశూచి తరువాత మానవుడు భూమిపై లేకుండా చేసిన రెండవ వ్యాధి ఇదే.

గొప్పవారు కూడా పొరపడవచ్చు. వారు కనుగొన్న సత్యాన్ని స్వీకరించి, వారి పొరపాటును సరిదిద్దుకొంటూ ముందుకు సాగడమే శాస్త్రమార్గం. పశువుల టీకాల వేళ మీ ఇంటి ఆవును తోలుకొని వెళ్ళేటప్పుడు ఈ కథను గుర్తుచేసుకోండి.