టీచరమ్మలకు డ్రిల్లు నేర్పిన పంతులమ్మ

హైదరాబాదు నుంచి కర్నూలు వెళ్లే రోడ్డులో, జడ్చర్ల దాటి ముందుకు పోతే కొత్తకోట వస్తుంది. ఒకప్పుడు పాలమూరు జిల్లా, 2016 నుంచి వనపర్తి జిల్లా. ఆ చుట్టుపక్కల ఊళ్లలోనే కాదు, మన రెండు తెలుగు రాష్ట్రాల్లో ఏ ప్రాథమిక పాఠశాలకు వెళ్లినా ఒక సంగతి కనిపిస్తుంది. డ్రిల్లు సారు ఉద్యోగం హైస్కూలుకే గానీ చిన్న బడికి ఉండటం అరుదు. పొద్దున తెలుగు వాచకం చదివించిన టీచరమ్మే మధ్యాహ్నం ఎక్కాలు చెప్పాలి, సాయంత్రం చీర కొంగు నడుముకు దోపుకుని ఈల ఊదాలి.

ఆ ఈల ఊదడం ఆమెకెవరు నేర్పారు? టీటీసీ అనండి, డీఎడ్ అనండి... ఆ చదువులో వ్యాయామ విద్య ఉన్నమాట నిజమే. కానీ పరీక్ష గట్టెక్కడానికి చదివిన పాఠం వేరు, అరవై మంది పిల్లల్ని ఎండలో నిలబెట్టి ఎవరి చెయ్యీ బెణక్కుండా, ఎవరి మనసూ నొచ్చకుండా ఆడించడం వేరు. ఆడపిల్లల్ని ఆడించడం మరీ కష్టం. ఐదో తరగతికి వచ్చేసరికే నాకు రాదు, నేనాడను అని గోడకి ఆనుకుని నిలబడిపోతారు చాలామంది.

సరిగ్గా ఈ పనినే, అంటే మామూలు బడి టీచరమ్మలకు పిల్లల చేత వ్యాయామం చేయించే విద్య నేర్పడాన్ని, నూట నలభై ఏళ్ల కిందట నెత్తికెత్తుకుంది ఒక స్వీడన్ దేశపు మహిళ. పేరు మార్టినా బెర్గ్‌మన్ ఓస్టర్‌బెర్గ్. వ్యాయామ విద్య చరిత్ర చదివినవాళ్లకి తెలిసిన పేరే. మనకు డ్రిల్లు మాస్టారంటే మద్రాసు సైదాపేటలో శిక్షణ పొంది, విజయనగరంలో పిల్లలకు వ్యాయామం నేర్పిన కోడి రామ్మూర్తి నాయుడుగారు గుర్తొస్తారు. ఆయన గుండెల మీద ఏనుగు ఎక్కిన కథ మన తాతలు చెప్పగా విన్నాం. మార్టినా కథలో ఏనుగులు లేవు. అన్నం చాలని పిల్లలున్నారు.

ముప్ఫయ్యో ఏట మళ్లీ విద్యార్థిని

మార్టినా 1849 అక్టోబరు 7న దక్షిణ స్వీడన్‌లో, హమ్మర్‌లుండా అనే పల్లెలో పుట్టింది. వాళ్లది వ్యవసాయ కుటుంబం. పెద్దయ్యాక కొన్నాళ్లు ఇళ్లలో ఉండి పిల్లలకు చదువు చెప్పింది. తర్వాత గ్రంథాలయంలో, ఒక విజ్ఞాన సర్వస్వం తయారీలో పనిచేసింది. ఇలా పుస్తకాల మధ్య స్థిరపడాల్సిన మనిషి, ముప్ఫయ్యో ఏట, 1879లో, స్టాక్‌హోంలోని కేంద్ర వ్యాయామ విద్యాలయంలో చేరింది! ముప్ఫై దాటితే ఇంక మన పనైపోయిందనుకునేవాళ్లు ఈ ఒక్క సంగతీ గుర్తుంచుకున్నా చాలు.

ఆ విద్యాలయాన్ని 1813లో స్థాపించినవాడు పేర్ హెన్రిక్ లింగ్. మొదట్లో మగవాళ్లకే, 1864 నుంచి ఆడవాళ్లకీ అక్కడ చోటు దొరికింది. లింగ్ పద్ధతిలో బరువులెత్తడం, కండలు చూపించడం ముఖ్యం కాదు. ఏ కదలిక ఏ కండరానికి, ఏ కీలుకి పనిచేస్తుందో తెలుసుకుని చేయించడం ముఖ్యం. తేలికైన వాటితో మొదలుపెట్టి మెల్లగా కష్టమైనవాటికి వెళ్లాలి. చేతులు, నడుము, కాళ్లు, ఒంటికాలి మీద నిలకడ, పరుగు, దూకడం... చివర్లో ఊపిరి నెమ్మదించే కదలికలు. ఇందులో చాలావాటికి ఏ పరికరమూ అక్కర్లేదు. బల్లల మధ్య ఉన్న సందులో నిలబడి కూడా చేయొచ్చు. మైదానం లేని బడులకు ఇంతకంటే ఏం కావాలి?

లండన్ బడుల్లో

1870లో ఇంగ్లండులో ప్రాథమిక విద్యా చట్టం వచ్చింది. లండన్ నగరమంతటికీ ఒక స్కూల్ బోర్డు ఏర్పడింది. రోజుకూలీల పిల్లలు, రేవులో మూటలు మోసేవాళ్ల పిల్లలు మొదటిసారి వేల సంఖ్యలో బడికి వచ్చారు. మగపిల్లలకు డ్రిల్లంటే సైన్యం పద్ధతిలో కవాతు. మరి ఆడపిల్లలకి? వాళ్లకు స్వీడన్ పద్ధతి బాగుంటుందని బోర్డు అనుకుంది. మొదట కాంకార్డియా లోఫ్వింగ్ అనే స్వీడన్ మహిళను పిలిపించారు. ఆమె తర్వాత ఆ స్థానంలోకి 1881లో మార్టినా వచ్చింది. బాలికల బడులు, పసిపిల్లల బడులు, అన్నిటికీ వ్యాయామ పర్యవేక్షకురాలు!

ఒక్క మనిషి. వందల బడులు. తనే వెళ్లి నేర్పాలంటే ఒక్కో బడికి ఏడాదికి ఒక్కరోజు కూడా దక్కదు. అందుకే ఆమె పిల్లల్ని వదిలి టీచర్లను పట్టుకుంది. అప్పటికే ఉద్యోగం చేస్తున్న మామూలు టీచరమ్మలకు తరగతులు పెట్టింది. వాళ్లేమీ క్రీడాకారిణులు కారు. నేలమీద జీరాడే పొడుగు గౌన్లు, ఊపిరాడకుండా బిగించిన కార్సెట్లు... ఆ వేషంలో తామే వంగలేని వాళ్లు పిల్లల్ని ఎలా వంచుతారు? ముందు టీచర్ల ఒళ్లు కదలాలి, ఆ తర్వాతే పిల్లలవి అన్నది మార్టినా పట్టు. ఊరికే ఒకటి, రెండు, మూడు అని లెక్కపెట్టి వదిలేస్తే ఒప్పుకునేది కాదు. ఎందుకు చేయిస్తున్నారో టీచరుకి తెలియాలి. వెన్ను వంచి కూర్చునే పిల్లని చూసి గదమకుండా, ఆ వెన్నుకి ఏ కదలిక కావాలో తెలియాలి.

అలా ఆరేళ్ల పైచిలుకు కాలంలో వెయ్యిమందికి పైగా టీచర్లకు శిక్షణ ఇచ్చింది. సుమారు 300 బడుల్లోకి స్వీడన్ వ్యాయామం వెళ్లింది. జీతానికి వచ్చిన ఒక విదేశీ మహిళకు ఇది చిన్న సంగతేం కాదు.

ఆకలి ముందు ఓటమి

ఇక్కడి నుంచే కథ ఇబ్బందిగా మారుతుంది.

బడులు తిరుగుతున్నకొద్దీ మార్టినాకి ఒక సంగతి అర్థమైంది. తను చేతులు పైకెత్తమంటున్న పిల్లల్లో చాలామందికి కడుపునిండా తిండి లేదు. సన్నబడ్డ కాళ్లు, పాలిపోయిన మొహాలు, గాలీ వెలుతురూ లేని ఇరుకు గదుల్లో నిద్ర. వ్యాయామం ఒంటికి బలం ఇవ్వాలంటే ముందు ఒంట్లో ఏదో ఒకటి ఉండాలి కదా. లేనిదాన్ని కదిలిస్తే ఉన్న కాస్తా ఖర్చవుతుంది. తిండి సరిగా లేని పిల్లలకు తన విద్య ఉపయోగపడదన్న నిర్ణయానికి వచ్చింది. 1887లో ప్రాథమిక విద్య మీద వేసిన రాయల్ కమిషన్ ముందు సాక్ష్యం కూడా ఇచ్చింది. ఆ తర్వాత బోర్డు ఉద్యోగం వదిలేసింది. పేదపిల్లల బడులను వదిలి, డబ్బున్న మధ్యతరగతి ఇళ్ల అమ్మాయిల వైపు తిరిగింది.

దీన్ని ఎలా చూడాలి? రోగం కనిపెట్టడంలో ఆమె పొరబడలేదు. కనిపెట్టాక చేసిన పని మాత్రం మనసుకి పట్టదు. ఆకలిగా ఉన్న పిల్లలకు అన్నం పెట్టించండి అని ఆ జీవితకాలమంతా పోరాడి ఉండొచ్చు. ఆమె ఆ దారి పట్టలేదు. పైగా ఆనాటి చాలామందిలాగే ఆమె కూడా బలమైన తల్లుల వల్ల జాతి బాగుపడుతుందన్న ధోరణిలో ఆలోచించింది. ఆ మాట ఇప్పుడు వింటే ముల్లులా గుచ్చుకుంటుంది.

బ్రిటన్‌లో బడిపిల్లలకు స్థానిక సంస్థలు భోజనం పెట్టవచ్చన్న చట్టం 1906లో వచ్చింది. బడుల్లో వైద్య పరీక్షల చట్టం 1907లో. ఆ తర్వాత 1909లో విద్యాశాఖ ప్రాథమిక పాఠశాలల కోసం స్వీడన్ పద్ధతి మీదే వ్యాయామ పాఠాల పుస్తకం అచ్చువేసింది. అంటే ముందు అన్నం, తర్వాత డ్రిల్లు. మన దగ్గర ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో వండిన మధ్యాహ్న భోజనం 2003లో బడికి వచ్చింది. పొద్దున ఏమీ తినకుండా వచ్చిన పిల్ల ప్రార్థనలో కళ్లు తిరిగి పడిపోవడం చూసిన టీచరమ్మలకు ఈ వరుస ఎవరూ విడమరిచి చెప్పనక్కర్లేదు.

కాలేజీ పెట్టిన మేడమ్

బోర్డు ఉద్యోగంలో ఉండగానే, 1885లో, లండన్‌లోని హాంప్‌స్టెడ్‌లో ఆమె సొంతంగా ఒక శిక్షణ కళాశాల తెరిచింది. ఆడవాళ్లకు మాత్రమే. మరుసటి ఏడు, 1886లో, స్వీడన్‌కి చెందిన ఎడ్విన్ ఓస్టర్‌బెర్గ్‌ని పెళ్లాడింది. ఆయనదీ ఉపాధ్యాయ వృత్తే. ఆయన అక్కడ, ఆమె ఇక్కడ! పెళ్లయిందని కాలేజీ మూయలేదు, తన ఇంటిపేరు బెర్గ్‌మన్‌ని కూడా వదులుకోలేదు. రెండూ కలిపి పెట్టుకుంది. ఇప్పుడు మనలో కొందరు చేస్తున్నది ఆమె అప్పుడే చేసింది.

చోటు చాలక 1895లో కాలేజీని కెంట్ జిల్లా డార్ట్‌ఫర్డ్‌కి మార్చింది. రెండేళ్ల చదువు. శరీర నిర్మాణం, శరీర ధర్మాలు, ఆరోగ్య సూత్రాలు, మర్దన, స్వీడన్ వ్యాయామం. వీటికి తోడు హాకీ, క్రికెట్, ఇంకా ఇంగ్లీషు ఆటలు. అందరూ ఆమెను మేడమ్ అనే పిలిచేవాళ్లు. మేడమ్‌ అంటే హడల్! క్రమశిక్షణ గట్టిది. పనికిరారనుకున్నవాళ్లను మొహమాటం లేకుండా ఇంటికి పంపేసేది. 1899లో శిక్షణ పొందిన మహిళలే కలిసి లింగ్ పేరుతో ఒక సంఘం పెట్టుకుంటే ఆమె దానిలో చేరకపోగా, మరుసటి ఏడు తన పేరుతో వేరే సంఘం పెట్టించింది. శిష్యురాళ్లు సొంతంగా నిలబడాలని కష్టపడి నేర్పిన మనిషికి, వాళ్లు నిజంగా నిలబడితే కోపం వచ్చింది. ఇలాంటి పెద్దవాళ్లు మన ఇళ్లలోనూ లేకపోలేదు.

ఆ కాలేజీ నుంచి బయటకొచ్చినవాటిలో రెండు మన ఆడపిల్లల దాకా వచ్చాయి. ఒకటి బట్టలు. 1890ల మొదట్లో మేరీ టైట్ అనే విద్యార్థిని, నడుము బిగించని, చేతుల్లేని, మడతల గౌను ఒకటి రూపొందించిందని చెబుతారు. లోపల చొక్కా, పైన ఆ గౌను. పరుగెత్తడానికి, వంగడానికి అడ్డులేదు. మన కాన్వెంటు పిల్లలు వేసుకునే ట్యూనిక్‌కి అది పెద్దమ్మ వరస. రెండోది నెట్‌బాల్. అమెరికా నుంచి వచ్చిన బాస్కెట్‌బాల్‌ను ఆడపిల్లలకు అనువుగా ఇంగ్లండులో మార్చుకున్న ఆ ఆటకి తొలి రూపం దిద్దినవాళ్లలో మార్టినా విద్యార్థినులు ఉన్నారు. 1901లో దాని నియమాలు అచ్చయ్యాయి.

ఇంకో సంగతి చెప్పాలి. డబ్బున్న అమ్మాయిల కోసమని పెట్టిన ఆ కాలేజీలోనూ బోధన నేర్చుకోవడానికి విద్యార్థినులు వెళ్లింది ఎక్కడికనుకున్నారు? డార్ట్‌ఫర్డ్‌లోని ప్రాథమిక పాఠశాలలకే. పుస్తకంలో ఎంత చదివినా, అల్లరి చేసే చిన్నపిల్లల ముందు నిలబడితే గానీ టీచరు తయారు కాదని మేడమ్‌కి లండన్ అనుభవం నేర్పింది.

స్టాన్స్‌ఫెల్డ్ సంగతి

మార్టినా లండన్ బోర్డు టీచర్లకు నేర్పిన రోజుల్లో ఆ తరగతులకు వచ్చిన వాళ్లలో మార్గరెట్ స్టాన్స్‌ఫెల్డ్ అనే అమ్మాయి ఒకతె. 1860లో పుట్టింది. కలిగిన ఇంటి పిల్ల కాదు. బడిలో చిన్నపిల్లలకు చెబుతూ తనూ చదువుకునే పద్ధతిలో టీచరైంది. మార్టినా ఆమెలోని చురుకు గమనించి దగ్గరికి తీసింది, తన కాలేజీలో పనిచేయించుకుంది. ఈ మార్గరెట్టే 1903లో బెడ్‌ఫర్డ్‌లో సొంత వ్యాయామ శిక్షణ కళాశాల పెట్టి, 1945 దాకా నడిపింది. తొంభై ఏళ్లు దాటాక, 1951లో కన్నుమూసింది. పేదబడుల్లో తన శ్రమ వృథా అయిందని మేడమ్ అనుకున్న ఆ ఆరేళ్లలోనే ఈ అమ్మాయి దొరికింది మరి!

మార్టినా ఆడవాళ్ల ఓటుహక్కుని గట్టిగా సమర్థించింది. స్వీడన్‌లో మహిళల సంఘాలకు డబ్బు పంపింది. 1906లో స్వీడన్ ప్రభుత్వం ఆమెకు పతకం ఇచ్చి గౌరవించింది. పిల్లల్లేరు. ముప్ఫై ఏళ్లు కష్టపడి కట్టుకున్న కాలేజీని ఎవరికీ అమ్మలేదు, బంధువులకు రాయలేదు. 1915లో దేశానికి అప్పగించి, ధర్మకర్తల చేతుల్లో పెట్టింది. అదే ఏడాది జూలై 29న, అరవై అయిదేళ్ల వయసులో, డార్ట్‌ఫర్డ్‌లోనే మరణించింది. బయట మొదటి ప్రపంచ యుద్ధం నడుస్తోంది. మేడమ్ లేకపోయినా కాలేజీ ఆగలేదు. ఆ తర్వాత దశాబ్దాల పాటు అక్కడి నుంచి వ్యాయామ టీచరమ్మలు తయారవుతూనే వచ్చారు.