తోకచుక్కను చూసి ప్రపంచం వణికింది.. గురజాడ మాత్రం చుట్టం అన్నారు!

1910 మే నెల. ఆకాశంలో హేలీ తోకచుక్క. దాని తోకలో విషవాయువు ఉందని, భూమి ఆ తోకలోంచే వెళ్తుందని పేపర్లలో వార్తలు. అమెరికాలో అయితే తోకచుక్క మాత్రలు అంటూ అమ్మేశారు కూడా. మన దగ్గర సరేసరి.. తోకచుక్క అంటేనే అరిష్టం. ఆ ఏడాదే విజయనగరంలో ఒకాయన దాన్ని పొగుడుతూ కవిత రాశారు. ఆయనే గురజాడ అప్పారావు.

పుట్టింది 1862 సెప్టెంబర్ 21న, ఇప్పటి అనకాపల్లి జిల్లా రాయవరంలో. అది అమ్మమ్మగారి ఊరు. చీపురుపల్లిలో చదువు మొదలైంది. తండ్రి పోయాక విజయనగరం వచ్చారు. ఎంఆర్ కాలేజీ ప్రిన్సిపాల్ చంద్రశేఖర శాస్త్రి ఆశ్రయమిచ్చి చదివించారు. 1886లో బీఏ పూర్తి చేశారు. మెయిన్ సబ్జెక్ట్ ఫిలాసఫీ. తర్వాత అదే కాలేజీలో పాఠాలు చెప్పారు, ఆనంద గజపతి మహారాజు కొలువులో పనిచేశారు.

అప్పట్లో డబ్బు తీసుకుని పసిపిల్లల్ని ముసలివాళ్లకి కట్టబెట్టేవారు. మహారాజు మూడేళ్ల లెక్క తీయిస్తే అలాంటి పెళ్లిళ్లు 1034 తేలాయి. అందులో ఏడాది వయసు పాపలు ముగ్గురు! ఈ లెక్కలు కన్యాశుల్కం ముందుమాటలో గురజాడే రాశారు. ఆ నాటకం 1892లో స్టేజీ ఎక్కింది. ఇప్పటికీ మన బొంకుల దిబ్బ పేరు చెబితే గిరీశమే గుర్తొస్తాడు.

ఇక తోకచుక్క సంగతి. ఇంగ్లండ్‌లో హెచ్.జి.వెల్స్ 1906లోనే తోకచుక్క మీద ఒక సైన్స్ ఫిక్షన్ నవల రాశారు. అందులో తోకచుక్క గ్యాస్ గాల్లో కలిసి మనుషులు మారిపోతారు. అసూయలు, యుద్ధాలు ఆగిపోతాయి. మరి గురజాడ? ముత్యాల సరాలు కవితలో తోకచుక్కని భూమిని చూసిపోవడానికి వచ్చిన దూరపు చుట్టంగా చూశారు. సంఘ సంస్కరణకి జెండా అనుకున్నారు. లోకమంతా ఒకే ఇల్లవుతుందని, కులభేదాలు అబద్ధమని తేలిపోతుందని కలగన్నారు.

తేడా ఇక్కడే ఉంది. వెల్స్ కథలో మనిషి మారాలంటే ఆకాశం నుంచి ఏదో రావాలి. గురజాడ దగ్గర తోకచుక్క ఏమీ చెయ్యదు. వచ్చి చూసి వెళ్లిపోతుంది. మారాల్సింది మనమే. పసిపిల్లల పెళ్లిళ్ల లెక్కలు చూసిన మనిషి కదా, ఏ మహిమా వచ్చి ఆపదని ఆయనకి తెలుసు.

1915 నవంబర్ 30న, 53 ఏళ్లకే గురజాడ కన్నుమూశారు. విజయనగరంలో ఆయన ఇల్లు ఇప్పుడు స్మారక భవనం. హేలీ తోకచుక్క 1986లో ఒకసారి వచ్చి వెళ్లింది. మళ్లీ 2061లో వస్తుంది. ఆ చుట్టం వచ్చేసరికైనా ఇంట్లో ఈ కులం గోడలు కూలతాయా? అది మన చేతుల్లోనే ఉంది.