కాంతికిరణంపై మాట

టెలిఫోను సృష్టికర్తగా అలెగ్జాండర్ గ్రాహంబెల్ పేరు ఎరుగనివారు అరుదు. కాని ఆయన తన సృష్టులలో మిన్నగా తలచినది వేరొక యంత్రం.

బెల్ 1847లో స్కాట్లాండులోని ఎడింబరోలో జన్మించాడు. తల్లికి వినికిడి సన్నగిల్లింది. భార్య మేబెల్ బాల్యంలోనే వినికిడి కోల్పోయింది. బధిరులకు మాట నేర్పే ఉపాధ్యాయుడైన బెల్ 1876లో టెలిఫోనుకు పేటెంటు పొందాడు.

1880లో వాషింగ్టనులో సహాయకుడు టెయింటర్‌తో కలిసి, తీగతో పనిలేని ఫోటోఫోనును నిర్మించాడు. మాటకు కంపించే పలుచని అద్దం సూర్యకాంతిని దూరాన ఉన్న గ్రాహకంపైకి ప్రతిఫలింపజేసేది. అచటి సెలీనియంపై పడే కాంతి హెచ్చుతగ్గులను బట్టి విద్యుత్ ప్రవాహమూ మారి, తిరిగి మాటగా వినిపించేది. ఆ విధంగా మాట 213 మీటర్లు పయనించింది! ఆ సంబరంలో నవజాత శిశువుకు ఫోటోఫోను అని పేరు పెట్టబోగా భార్య వారించింది. బిడ్డ అదృష్టవంతురాలు.

అయితే మబ్బు పట్టినా, మంచు కమ్మినా ఆ మాట ఆగిపోయేది. కాంతికి రక్షణ కల్పించే మార్గం దొరకకుండానే 1922లో బెల్ కన్నుమూశాడు. అంత్యక్రియల వేళ ఉత్తర అమెరికాలో టెలిఫోన్లు ఒక నిమిషం మూగవోయాయి.

1970లో అమెరికాలోని కార్నింగ్ సంస్థ శాస్త్రజ్ఞులు కాంతిని అధిక నష్టం లేకుండా మోసే గాజుతీగను రూపొందించారు. నేడు ఒకే తీగలో పలు తరంగదైర్ఘ్యాల కాంతులు ఏకకాలంలో సందేశాలను మోస్తుండగా, గ్రాహకంలో వడపోత సాధనాలు కావలసిన కాంతిని మాత్రమే ఏరి అందిస్తున్నాయి.