రాణి ఈగ ఎక్కడికి వెళ్లొచ్చింది?

తేనెటీగలు పెంచేచోట పెద్ద పెట్టెలకి కాస్త దూరంగా కొన్ని బుల్లి పెట్టెలు కనిపిస్తాయి. ఒక్కోదాంట్లో రెండు మూడు చిన్న ఫ్రేములు, కొద్దిపాటి తేనె, కొన్ని వందల కూలి ఈగలు, ఒక కన్నె రాణి. అంతే. తేనె తీయడానికి కాదు అవి. రాణి బయటికి ఎగిరివెళ్లి, పోతుటీగలతో జతకట్టి, తిరిగొచ్చి గుడ్లు పెట్టడం మొదలుపెట్టేదాకా ఆమెకి అది తాత్కాలిక ఇల్లు. రాణి ఇలా బయటికి వెళ్లి తీరాల్సిందేనని ప్రయోగాలు చేసి రుజువు చేసిన మనిషికి కళ్లు కనిపించవు. ఆయన పేరు ఫ్రాంస్వా హ్యూబర్.

హ్యూబర్ 1750 జూలై 2న జెనీవాలో, ఉన్నవాళ్ల ఇంట్లో పుట్టాడు. పదిహేనేళ్ల వయసు నుంచే చూపు తగ్గుతూ వచ్చింది. పారిస్ తీసుకెళ్లి పెద్ద డాక్టర్లకి చూపించారు. లాభం లేదన్నారు. మెల్లమెల్లగా ఉన్న చూపూ పోయింది.

అప్పటికే మరీ లులాన్ అనే అమ్మాయికీ ఆయనకీ మనసు కలిసింది. గుడ్డివాడికి పిల్లనిస్తామా అని ఆమె తండ్రి ససేమిరా ఒప్పుకోలేదు. అక్కడి చట్టం ప్రకారం 25 ఏళ్లు నిండితే ఆమె తన ఇష్టప్రకారం పెళ్లి చేసుకోవచ్చు. ఆమె గొడవ పడలేదు, పారిపోలేదు, 25 నిండేదాకా ఆగింది. నిండాక చేసుకుంది. (మన సీరియల్‌లో అయితే ఇక్కడే మూడొందల ఎపిసోడ్లు అయ్యేవి.) పుస్తకాలు చదివి వినిపించడం, ఆయన చెప్తుంటే రాయడం, అన్నీ ఆమే. ఆయన ఒంటరిగా నడవడానికి దారి పొడుగునా తాడు కట్టి ఉండేది. తాడుకి ముడులు. ముడి చేతికి తగిలితే ఎక్కడున్నాడో తెలిసేది.

ఇంట్లో ఫ్రాంస్వా బుర్నెన్స్ అనే పనివాడు ఉండేవాడు. పల్లెటూరి రైతుబిడ్డ. రియోమ్యూర్ అనే ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు తేనెటీగల మీద రాసినవి హ్యూబర్ అతనితో చదివించుకునేవాడు. చదువుతూ చదువుతూ బుర్నెన్స్ అడిగే ప్రశ్నలు విని, ఇతను ఉత్త పనివాడు కాదని హ్యూబర్‌కి అర్థమైంది. పుస్తకంలోని ప్రయోగాలే మళ్లీ చేయించి చూశాడు. చూసినదాన్ని చూసినట్టే చెప్పగలడని నమ్మకం కుదిరాక ఇద్దరూ కొత్త ప్రశ్నల్లోకి దిగారు.

అందులో ముఖ్యమైనది ఇది: రాణి తల్లి ఎలా అవుతుంది? మా ఇంట్లో అమ్మ తెలుగులో రాణి ఈగ అంటుంది, నాన్న మరాఠీలో రాణీ మాశీ అంటాడు. రెండు భాషల్లోనూ ఆడదే. కానీ యూరప్‌లో వందల ఏళ్లు దాన్ని రాజు అనే పిలిచారు! పదిహేడో శతాబ్దంలో డచ్చి శాస్త్రజ్ఞుడు స్వామర్‌డామ్ కోసి చూసి, లోపల అండాశయాలు ఉన్నాయని తేల్చాడు. ఆడదని తేలింది గానీ జతకట్టడం మాత్రం ఎవరూ చూడలేదు. పోతుటీగల వాసన తగిలితే చాలని స్వామర్‌డామ్ అనుకున్నాడు. అసలు పోతుటీగల అవసరమే లేదన్నవాళ్లూ ఉన్నారు. వియన్నాలో ఆంటన్ యాన్షా అనే తేనెటీగల గురువు మాత్రం రాణి బయటే జతకడుతుందని అప్పటికే చెప్పాడు. ఆ మాట ఎక్కువమందికి చేరలేదు.

హ్యూబర్ ఒక్కొక్క ఊహనీ పరీక్షకి పెట్టాడు. పోతుటీగల్ని సన్నని చిల్లులున్న రేకు డబ్బాలో వేసి గూటిలో పెట్టించాడు. వాసన వస్తుంది, తాకడం కుదరదు. రాణి గుడ్లు పెట్టలేదు. పోతుటీగలతో కలిపి గూటిలోనే మూసి ఉంచినా పెట్టలేదు. 1788 జూన్‌లో తలుపు తెరిచి, ఇద్దరూ గూటి ముందు కూర్చున్నారు. పోతుటీగలు ఎగిరే వేళకి కన్నె రాణి బయటికొచ్చింది. మొదటిసారి ఎగిరి ఉత్తగానే తిరిగొచ్చింది. రెండోసారి 27 నిమిషాల తర్వాత వచ్చింది. ఈసారి ఒంటిమీద జతకట్టిన గుర్తు ఉంది. రెండు రోజుల్లో గుడ్లు పెట్టింది. లోపల ఉంచి ఉంచి, మూడు వారాలు దాటాక వదిలితే ఆ రాణి పోతుటీగల గుడ్లే పెడుతుందని కూడా తేల్చారు. గూటికి మహారాణి అంటే నాలుగు గోడల మధ్య కదలకుండా కూర్చునేది అనుకునేదాన్ని నేను. అలా కూర్చోబెడితే గూడే ఆగమైపోతుంది!

మరి ఇది ఎవరు కనిపెట్టినట్టు? మా క్లాసులో దీనిమీద వాదన అయింది. చూసిన కళ్లు బుర్నెన్స్‌వి. కూలి ఈగల్లో గుడ్లు పెట్టేవి ఉన్నాయా అని తేల్చడానికి రెండు గూళ్లలోని ఈగల్ని ఒక్కొక్కటిగా చేతిలోకి తీసుకుని 11 రోజులు పరీక్షించింది అతనే. కుట్టించుకుంటూనే. నా మటుకు ప్రశ్న హ్యూబర్‌ది, జవాబు బుర్నెన్స్‌ది. 1792లో వచ్చిన పుస్తకం మీద పేరు హ్యూబర్‌దే. అయినా లోపల బుర్నెన్స్ చేసిన పని ఆయన దాచుకోలేదు, పేరు పెట్టి చెప్పాడు. ఎంతమంది యజమానులు ఆ పని చేస్తారు?

1795లో బుర్నెన్స్ తన ఊరికి వెళ్లిపోయాడు. తర్వాత భార్యా, కొడుకు పియెర్ హ్యూబర్‌కి కళ్లయ్యారు. కూలి ఈగలు కూడా ఆడవేనని, వాటి అండాశయాలు పెరగక ఆగిపోయాయని సూదులతో విప్పి చూపించింది క్రిస్టీన్ జురిన్ అనే అమ్మాయి. ఆమె పేరు మన పాఠాల్లో ఎందుకు లేదో! రెండో భాగం 1814లో వచ్చింది. చివరి రోజుల్లో హ్యూబర్ లొజాన్‌లో కూతురి దగ్గర ఉండి, 1831 డిసెంబర్ 22న పోయాడు.

1889లో అమెరికాలో డూలిటిల్ రాణుల్ని పెంచే పద్ధతి మీద పుస్తకం రాశాడు. మైనపు గిన్నెల్లో పిల్లపురుగుల్ని ఉంచితే ఒకే గూటిలో చాలా రాణులు తయారవుతాయి. కానీ ఇద్దరు రాణులు ఒకచోట పుడితే ఒకరు చచ్చేదాకా కొట్టుకుంటారు. అందుకే పుట్టేముందే ఒక్కో రాణి గదిని ఒక్కో పెట్టెకి మార్చాలి. ప్రతిదానికీ పెద్ద గూడు ఇవ్వాలంటే ఎన్ని వేల ఈగలు కావాలి? బుల్లి పెట్టె అయితే కొన్ని వందలు చాలు. ఎగిరిన రాణిని పిట్ట తినేసినా నష్టం తక్కువే.

మా లక్కడ్‌కోట్ వైపు తేనె అంటే అడవి తేనే. కొమ్మలకి వేలాడే పెద్ద తేనెటీగ పెట్టెలో ఉండదు. పుట్టతేనె ఈగ ఉంటుంది, దాని రాణి కూడా బయటే జతకడుతుంది. 1962 నుంచి పూణేలో తేనెటీగల పరిశోధన సంస్థ ఉంది. నేర్చుకోవాలంటే దారి ఉందన్నమాట.

ఒక్క జాగ్రత్త. ఎగిరి వచ్చిన రాణి పొరపాటున పక్క పెట్టెలో దూరితే అక్కడి ఈగలు చంపేస్తాయి. అందుకని పెట్టెల ముఖాలు తలో దిక్కుకి తిప్పి, వేరువేరు రంగులు వేస్తారు. నీలం, పసుపు, తెలుపు. ఎరుపు వేస్తే రంగు దండగ, తేనెటీగకి ఎరుపు కనిపించదు.